వెనక బెంచీలో కూర్చునే ఛాత్రోపాధ్యాయులకు ఒక గణితం టీచరు లేఖ

ఈ ఏడాది ఇంటర్న్‌షిప్ కోసం సర్కారు బడులకు వస్తున్న బీఎడ్, డీఎడ్ ఛాత్రోపాధ్యాయులకు,

నమస్తే. నేను తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో గణితం చెప్తాను. మా బడికి ఏటా ఐదారుగురు ట్రైనింగ్ టీచర్లు వస్తుంటారు. పోయిన బ్యాచ్ చివరి రోజున పిల్లలు వాళ్లకు పెన్నులిచ్చారు, రంగు కాగితాల మీద పేర్లు రాసిచ్చారు, ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు ఏడ్చారు కూడా. అంతా అయ్యాక సర్టిఫికెట్ మీద హెచ్‌ఎం సంతకం కోసం ఆఫీసు ముందు నిలబడ్డ ఒకమ్మాయి నాతో అంది: "అమ్మయ్య, ఇంటర్న్‌షిప్ ఒడిసింది మేడం. ఇగ దిల్‌సుఖ్‌నగర్‌ల హాస్టల్ చూసుకొని డీఎస్సీకి కూసుంట."

దిల్‌సుఖ్‌నగర్ అంటే హైదరాబాదులో కోచింగ్ సెంటర్లుండే చోటు, డీఎస్సీ అంటే సర్కారు టీచర్ల నియామక పరీక్ష. ఆ పిల్లను తప్పు పట్టలేను. ఆ వయసులో నేనూ సరిగ్గా ఇదే మాట అన్నాను. ఆ మాట ఖరీదు ఎంతో నాకు ఆరేళ్ల తర్వాత తెలిసింది. అందుకే ఈ లేఖ.

నేను బీఎడ్ చదివింది 2012-13లో. అప్పుడది ఏడాది కోర్సు. రెండు మెథడ్లు (బోధించడం నేర్చుకునే సబ్జెక్టులు), ఒక్కోదానికి ఇరవై చొప్పున నలభై పాఠాలు. మా ఊరికి దగ్గర్లోని హైస్కూల్లో ఆ నలభై పాఠాలూ చెప్పాను. సగం చార్టులు తమ్ముడు గీశాడు, రికార్డులు సీనియర్ దగ్గర తెచ్చి రాశాను. 2012 డీఎస్సీ అప్పటికే అయిపోయింది. తర్వాతది రేపో మాపో వస్తుందనుకుంటే 2017 అక్టోబరులో వచ్చింది, టీఆర్టీ అని పేరు మార్చుకొని. పరీక్ష 2018లో పెట్టారు. పోస్టింగ్ 2019లో ఇచ్చారు. ఆ తర్వాత మన రాష్ట్రంలో 2023లో 5,089 పోస్టులకు వేసిన నోటిఫికేషన్ రద్దయి, 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులకు మళ్లీ పడింది. ఆంధ్రలోనూ అంతే. 2018 డీఎస్సీ తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ కోసం 2025 దాకా ఆగారు. ఏడేళ్లు! ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఏడో తరగతి పాసయ్యేంత కాలం.

కాబట్టి మీ ఇంటర్న్‌షిప్ చివరి రోజుకూ, ఉద్యోగం మొదటి రోజుకూ మధ్య ఒక ఎండాకాలం సెలవులే ఉంటాయని అనుకోకండి. ఐదేళ్లు, ఆరేళ్లు ఉండొచ్చు. ఇప్పుడు బడిలో చూసిన దాన్ని అంతకాలం చెడకుండా ఎట్లా దాచుకుంటారన్నదే నా ప్రశ్న. ఆవకాయ అయినా ఏడాదికి మించి నిలవాలంటే ఉప్పూ నూనే చూసి వేయాలి కదా.

కాగితం మీద మీకు మాకన్నా చాలా ఎక్కువే ఇచ్చారు. ఎన్‌సీటీఈ (టీచర్ల శిక్షణను చూసే జాతీయ మండలి) 2014 నిబంధనలతో బీఎడ్ రెండేళ్లయింది, బడిలో గడపాల్సింది మొత్తం 20 వారాలైంది. మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. పదహారు వారాలంటే దాదాపు ఒక అర్ధ విద్యాసంవత్సరం. ఒక పిల్లవాడు జులైలో ఎక్కడున్నాడో, అక్టోబరుకు ఎక్కడికొచ్చాడో కళ్లతో చూడగలిగినంత సమయం. మాకు ఆ అదృష్టం లేదు.

మరి ఆ పదహారు వారాలు ఏమవుతున్నాయి? కొందరు అసలు రారు. "నాన్ అటెండింగ్" అనే మాట తెలియని బీఎడ్ విద్యార్థి ఉంటాడా? ఫీజు కాక ఇంకొంత కడితే చాలు, హాజరు దానంతటదే పడుతుంది. వాళ్లకు నేను చెప్పగలిగేది లేదు, ఈ లేఖ వాళ్లు చదవరు. వచ్చేవాళ్ల గురించే నా బాధ. పొద్దున వచ్చి సంతకం పెట్టి, ఖాళీ పీరియడ్లు దొరగ్గానే స్టాఫ్ రూంలో జీకే బిట్లు చదువుకునే వాళ్లు. పీరియడ్ ప్లాన్ అందంగా రాసి, సూపర్‌వైజర్ వచ్చిన రోజున ముందే రిహార్సల్ చేసిన పాఠం చెప్పి, ముందు బెంచీ పిల్లలనే ప్రశ్నలడిగి మార్కులు తెచ్చుకునే వాళ్లు. అసలు పాఠం ఆ రోజు వెనక బెంచీలో జరిగి ఉంటుంది. అది ఎవరూ చూసి ఉండరు.

ఒక ఉదాహరణ చెప్తాను. రెండేళ్ల కింద ఒక సార్ ఏడో తరగతికి భిన్నాలు చెప్తున్నాడు. మంచి గొంతు, చక్కటి చేతిరాత. థర్మోకోల్ షీటు మీద గుండ్రటి బొమ్మలు కోసి రంగులు వేసుకొచ్చాడు. బోర్డు మీద 3/4, 3/5 రాసి ఏది పెద్దదన్నాడు. నాలుగో బెంచీ పిల్ల లేచి "త్రీ బై ఫైవ్ సార్" అంది. ఆయన "తప్పు, కూర్చో" అని, ఇంకో పిల్లవాడితో అడ్డ గుణకారం చేయించాడు. మూడు ఐదులు పదిహేను, మూడు నాలుగులు పన్నెండు, కాబట్టి 3/4 పెద్దది. క్లాసంతా చప్పట్లు. ఆ పిల్ల బుద్ధిగా నోట్స్‌లో రాసుకుంది.

నేను వెనక బెంచీలో ఉన్నాను. పీరియడ్ అయ్యాక ఆ పిల్లను పిలిచి, ఆయన వినేటట్టు, "త్రీ బై ఫైవ్ పెద్దదని ఎందుకనుకున్నవ్ రా?" అన్నాను. "ఫోర్ కన్నా ఫైవ్ పెద్దది కద మేడం." ఈ జవాబులో తెలివితక్కువతనం ఏమీ లేదు. ఐదో తరగతి దాకా తను చూసిన అంకెలన్నీ అట్లాగే నడిచాయి. సరే, మూడు జొన్న రొట్టెలు నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి ఎక్కువ వస్తదా, ఐదుగురు పంచుకుంటే ఎక్కువ వస్తదా అన్నాను. "నలుగురైతేనే" అని అనేసి, నోరు తెరిచి నా వైపు చూసింది. ఆ పిల్లకు వాళ్లమ్మతో సంతలో కూరగాయలు అమ్మడం అలవాటు. పావు, అర, ముప్పావు తూకాలు చేతిలో ఉన్నాయి. ముప్పావు అంటే మూడు పావులని, బోర్డు మీది 3/4 అదేనని ఎవరూ చెప్పలేదు. ఆ రోజు తనే చెప్పింది, నాకు కాదు, ఆ సార్‌కు.

మన బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్. లవం, హారం అన్నా ఆ పిల్లలకు అర్థం కాదు, న్యూమరేటర్, డినామినేటర్ అన్నా అర్థం కాదు. ముప్పావు అర్థమవుతుంది. ఇది ఏ మెథడాలజీ పుస్తకంలోనూ దొరకదు, ఆ సంతకు దగ్గర్లోని బడిలోనే దొరుకుతుంది.

నేను అడిగేది ఇంతే. ఒక నోట్‌బుక్ పెట్టండి. పీరియడ్ ప్లాన్ రికార్డు, అబ్జర్వేషన్ రికార్డు, కేస్ స్టడీ రికార్డు కాక వేరేది. దాన్ని ఎవరూ దిద్దరు, మార్కులు వేయరు. అందులో పిల్లలు చేసిన తప్పులు రాయండి. వాళ్లు రాసింది రాసినట్టు, అన్నది అన్నట్టు. కింద "ఎట్లా అనుకున్నవ్?" అని అడిగితే ఏం చెప్పారో రాయండి. నాది ఇట్లా ఉంటుంది:

ఆరో తరగతి. నూట ఐదు రాయమంటే 1005. అడిగితే: "నూరు రాసిన, పక్కకు ఐదు రాసిన."

ఆరో తరగతి. 42 లోంచి 17 తీసేస్తే 35. అడిగితే: "రెండులకెల్లి ఏడు పోదు. ఏడులకెల్లి రెండు పోతది."

ఏడో తరగతి. 0.5 కన్నా 0.25 పెద్దది. ఎందుకంటే ఇరవై ఐదు, ఐదు కన్నా పెద్దది.

ఎనిమిదో తరగతి. 3x + 2 = 5x. అడిగితే: "మూడు, రెండు ఐదే కద. ఎక్స్ ఎటు పోతది మేడం?"

ఇవి నా పిల్లలవి మాత్రమే అనుకోకండి. మీ బడిలోనూ ఇవే ఉంటాయి, ఇంచుమించు ఇదే వరుసలో ఉంటాయి. అందుకే వీటి విలువ. ఒకసారి పట్టుకుంటే పదేళ్ల తర్వాత ఇంకో జిల్లాలో ఇంకో పిల్లవాడు అదే 1005 రాస్తాడు, మీరు వాడికి "తప్పు, కూర్చో" అని చెప్పకుండా ఉంటారు. తెలుగో, సోషలో, సైన్సో చెప్పేవాళ్లకూ ఇంతే. ఒత్తులు ఎక్కడ తప్పుతాయో, మ్యాపులో ఉత్తరం ఎప్పుడూ "పైన" ఉంటుందని పిల్లలు ఎందుకు అనుకుంటారో రాసుకోండి.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నేను రాసుకోలేదు కాబట్టి. 2013లో ఆ నలభై పాఠాలు చెప్పేటప్పుడు ఇవన్నీ నా కళ్ల ముందు జరిగాయి. నాకు లీలగా గుర్తు. ఆ తర్వాత ఆరేళ్లు ఒక ప్రైవేటు బడిలో పని చేశాను. అక్కడ పిల్లలు ట్యూషన్‌లో లెక్కలు బట్టీ పట్టి వచ్చేవాళ్లు, తప్పులు పైకి కనపడేవి కావు. పోర్షన్ అయిందా, స్లిప్ టెస్టు పెట్టావా, ఇంతే. 2019లో సర్కారు బడిలో చేరి ఎనిమిదో తరగతికి పోతే సగం మందికి భాగహారం రాదు. ఆరేళ్ల అనుభవం ఉన్న టీచర్ని, బోర్డు ముందు నిలబడి ఏం చేయాలో తోచలేదు. తలెత్తి చూస్తే వెనక బెంచీ ఖాళీ. ట్రైనింగప్పుడు అక్కడ మా గణితం సార్ కూర్చొని, పీరియడ్ అయ్యాక "అమ్మా, నువ్వు బోర్డుతోనే మాట్లాడుతున్నవ్, పిల్లలతో కాదు" అని చెప్పేవారు. అప్పుడు ఆయన మీద కోపం వచ్చేది. ఉద్యోగం వచ్చాక ఆ మాట చెప్పే మనిషి ఎవరూ రారు. తనిఖీకి వచ్చేవాళ్లు రిజిస్టర్లు చూస్తారు.

ఇక పరీక్షల సంగతి. చదవొద్దని అనడం లేదు, చదవకపోతే ఉద్యోగం రాదు. టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) 150 మార్కులు. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 వస్తే పాస్. ఒకసారి పాసైతే ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది, కానీ డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి మార్కులు పెంచుకోవడానికి అందరూ మళ్లీ మళ్లీ రాస్తారు. రాయండి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక బీఎడ్ వాళ్లు ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్) పోస్టులకు పనికిరారు. అది డీఎడ్ వాళ్లదే. ఆ పోస్టులకు రాసే టెట్ పేపర్-1 కూడా రాసి పెట్టుకుందాం అనుకునే బీఎడ్ పిల్లలు ఆ ఫీజు మిగుల్చుకోవచ్చు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టే ఇచ్చిన తీర్పుతో, రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి సర్వీసున్న పాత టీచర్లు కూడా టెట్ పాసవ్వాల్సి వచ్చింది. మా స్టాఫ్ రూంలో ఇరవై ఏళ్ల సర్వీసున్న సార్లు కళ్లద్దాలు తుడుచుకుంటూ మనస్తత్వ శాస్త్రంలోని థార్న్‌డైక్ పిల్లిని, పావ్లోవ్ కుక్కను చదువుతున్నారు. ఈసారి పరీక్ష హాల్లో మీ పక్క సీటులో మీ సూపర్‌వైజింగ్ టీచరే ఉంటే ఆశ్చర్యపోకండి, పెన్ను అడిగితే ఇవ్వండి. కంప్యూటర్ మీద పరీక్షే గానీ రఫ్ వర్క్‌కు కావాలి.

నవ్వులాటకు అన్నాను గానీ, ఆ పిల్లీ కుక్కా, వాటితోపాటు చదివే చింపాంజీ విషయమే చూడండి. యత్నదోష అభ్యసనం (ప్రయత్నిస్తూ, తప్పులు చేస్తూ నేర్చుకోవడం), అంతర్దృష్టి అభ్యసనం (ఒక్కసారిగా తట్టి నేర్చుకోవడం), ఎవరు ఏ జంతువు మీద ప్రయోగం చేశారు, అన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్తారు మీరు. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ టీచర్) పేపర్లో 80 మార్కుల్లో మెథడాలజీకి, అంటే బోధన పద్ధతులకు, 16 మార్కులు. ఆ పదహారు కోసం కోచింగ్ సెంటర్లో మూడు నెలలు బిట్లు బట్టీ పడతారు. అవే బిట్లు ఏడో తరగతి నాలుగో బెంచీలో ప్రాణంతో కూర్చొని ఉంటే, పీరియడ్ ఎప్పుడైపోతుందా అని గడియారం చూస్తారు.

నోటిఫికేషన్ వచ్చేదాకా మీలో చాలామంది ప్రైవేటు బడులకే పోతారు. పోక తప్పదు, ఇంట్లో గడవాలి. మే, జూన్ నెలల్లో డెమోలు ఉంటాయి. డెమోలో అరగంట ఇంగ్లిష్‌లో గడగడా మాట్లాడితే సరిపోతుంది, అదేం పెద్ద విషయం కాదు. పెద్ద విషయం ఇంకోటుంది: ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకండి. జిరాక్సులు ఇవ్వండి. నావి ఒక బడి వాళ్లు పెట్టుకొని, మధ్యలో మానేస్తానంటే రెండు నెలల జీతం కడితేనే ఇస్తామన్నారు. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ తేదీ దగ్గర పడితే మా నాన్న అప్పు తెచ్చి కట్టాడు. జీతం ఎంత, ఏ నెలల్లో ఇస్తారు, ఎండాకాలం ఇస్తారా లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి. రాయమంటే మొహం మాడ్చుకునే బడి గురించి మీకు అక్కడే తెలిసిపోతుంది.

క్లాసులో అల్లరి గురించి కూడా అడుగుతుంటారు. "మేడం, మీరుంటే గప్‌చుప్, మీరు పోంగనే సంత." నిజమే. పిల్లలకు మీరెవరో తెలుసు. మొన్న ఒకడు నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు: "మేడం, ఈ కొత్త సార్ ఎన్ని దినాలుంటడు?" ఎన్ని రోజులుంటారో తేలితే ఎంత వినాలో వాడు లెక్క వేసుకుంటాడు. కట్టె పట్టుకుంటే ఒక వారం వింటారు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొచ్చేలా హింసించడాన్నీ రెండింటినీ నిషేధించిందని మీకు తెలుసు, టెట్‌లో వచ్చే బిట్టే. రెండోది మరిచిపోతుంటారు. "మొద్దు" అనడం కూడా అందులోకే వస్తుంది. నాకు పనికొచ్చిన ఉపాయం ఒకటే: మొదటి మూడు రోజుల్లో పేర్లన్నీ నేర్చుకోవడం. ఇంటిపేరుతో సహా. హాజరు రిజిస్టర్ అడిగి తీసుకొని ఇంట్లో కూర్చొని చదవండి. "ఏయ్ నువ్వే, నీలం రిబ్బన్" అని పిలిచే సారుకూ పేరుతో పిలిచే సారుకూ తేడా పిల్లలకు ఒక్క రోజులో తెలుస్తుంది.

పాఠం ఒక్కటే పని అనుకోకండి. మధ్యాహ్న భోజనం లెక్క ఎట్లా రాస్తారో చూడండి, ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షల మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించేటప్పుడు పక్కన కూర్చోండి, యూడైస్ (బడుల, పిల్లల ఆన్‌లైన్ లెక్క) వివరాలు నింపేటప్పుడు ఆధార్‌లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉన్న పిల్లలతో ఎన్ని తిప్పలో చూడండి. తల్లిదండ్రుల మీటింగ్‌కు ఉండండి. ఒక తల్లి పని మానుకొని, కూలి పోగొట్టుకొని వచ్చి, "మా పోరికి సదువు వస్తదా సార్?" అని అడిగినప్పుడు ఏం చెప్పాలో బీఎడ్‌లో ఎవరూ నేర్పరు. మేం ఏం చెప్తామో వినండి. కొన్నిసార్లు మేమూ సరిగా చెప్పం.

మా తప్పు కూడా ఉంది, ఒప్పుకోవాలి. ట్రైనింగ్ టీచర్లు రాగానే మా టీచర్లలో కొందరు "హమ్మయ్య" అనుకుంటారు. ఆరు, ఏడు తరగతులు మీకప్పగించి ఆన్‌లైన్ పనుల్లో పడతారు. టీచరు లేని బడికైతే మీరే టీచరు. పదహారు వారాలూ ఖాళీ పోస్టులో పని చేయించుకొని పంపుతారు. నేను కూడా ఒక ఏడాది పదో తరగతి స్పెషల్ క్లాసుల పేరుతో ట్రైనింగ్ పిల్లల పాఠాలు ఒక్కటీ వినలేదు. చివర్లో వాళ్ల రికార్డుల మీద "బాగుంది" అని వరసగా సంతకాలు పెట్టాను. వాళ్లకు నేను బాకీ. మీ సూపర్‌వైజింగ్ టీచరు అట్లా చేస్తుంటే ఊరుకోకండి, వెళ్లి అడగండి: "మేడం, వారానికి ఒక్క పాఠం వచ్చి వినండి." అడిగితే కాదనలేం. సిగ్గేస్తుంది.

బీఎడ్ కాలేజీల ప్రిన్సిపాళ్లకూ, విద్యాశాఖకూ కూడా ఇందులో ఒక్క మాట. 2024 డీఎస్సీలో ఎంపికైన వాళ్లు దసరా సెలవులయ్యాక, విద్యాసంవత్సరం సగంలో బడుల్లో చేరారు. అప్పటిదాకా టీచరు లేని తరగతి, ఆ రోజు నుంచి కొత్త టీచరు. వాళ్లు కొత్తవాళ్లని గుర్తుపెట్టుకొని, మొదటి ఏడాది నెలకు రెండుసార్లు అదే సబ్జెక్టు సీనియర్ ఒకరు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటే చాలు. కొత్త పథకం అక్కర్లేదు. స్కూల్ కాంప్లెక్సులు (చుట్టుపక్కల బడుల సమూహాలు) ఉన్నాయి, సీనియర్లు ఉన్నారు, బెంచీ కూడా ఉంది. ఏడాది బీఎడ్ మళ్లీ వస్తుందని అంటున్నారు. వస్తే రానివ్వండి గానీ, బడిలో గడిపే వారాలను మాత్రం కోయకండి.

మా బడికి వచ్చేవాళ్లకు చివరగా. సోమవారం మొదటి పీరియడ్ ఏడో తరగతి, దశాంశ భిన్నాలు. ఆ రోజు మీరు పాఠం చెప్పొద్దు, చార్టులూ తేవొద్దు. రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి తెచ్చుకొని, ఎడమ వైపు వరసలో ఆఖరి బెంచీలో కూర్చోండి. ఆ బెంచీకి ఒక కాలు పొట్టి, కింద ఇటుక ముక్క పెట్టాం, చూసుకొని కూర్చోండి. మీ పక్కన కూర్చునే పిల్లవాడు ఎక్కువ మాట్లాడడు. 0.5, 0.25లలో ఏది పెద్దదో వాణ్ని అడగండి. ఏం చెప్తాడో రాసుకొని, ఎట్లా అనుకున్నాడో కూడా అడిగి, ఇంటర్వెల్‌లో నాకు చూపించండి.

ఇట్లు,
మీ గణితం మేడం
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల